శిథిలానికి హక్కుంది, దారికి లేదు

బడ్జెట్ సమావేశాల నడుమ విరామం వచ్చిందంటే ఢిల్లీలో తెలుగు ఎం.పీ. ఒకరు కనిపించడం అరుదు. సభ వాయిదా పడిన సాయంత్రమే అందరూ విమానాశ్రయం దారి పడతారు. ఈసారి కోస్తా జిల్లాలకు చెందిన లోక్‌సభ సభ్యులొకరు ఏదో మంత్రిత్వశాఖలో పని తెమలక ఆగిపోయారు. మొదటిసారి ఎన్నికైనవారు, వయస్సులో నాకంటె పదేళ్లు చిన్న. ఆదివారం తెల్లవారుతూనే ఫోను చేశారు. "ఏమండీ, డాక్టరుగారు రోజూ నడవమన్నారు. లోధీ తోటకు వెడితే అక్కడ సగం మంది అధికారులు, తక్కిన సగం ఆ అధికారులతో పని ఉన్నవాళ్లు. పలకరింపులతోనే పొద్దు గడిచిపోతుంది. మనిషి కనపడని చోటు ఏదైనా ఉంటే చెప్పండి" అన్నారు.

నేను ఆయనను ఉత్తరపు రిడ్జ్‌కు తీసుకువెళ్లాను. గుజరాత్‌లో మొదలై రాజస్థాన్, హర్యానాల మీదుగా వచ్చే ఆరావళి పర్వతశ్రేణికి ఢిల్లీలోని ఈ రిడ్జ్ చివరి తోక. మొత్తం రిడ్జ్ సుమారు 7,777 హెక్టార్లు. అందులో విశ్వవిద్యాలయం పక్కన ఉన్న ఉత్తర భాగం 87 హెక్టార్లు మాత్రమే. ఎత్తు కూడా ఎంతో లేదు. 1857 యుద్ధాన్ని వర్ణించిన చరిత్రకారులు నగరం కంటె అరవై అడుగుల ఎత్తని రాశారు. మెట్లెక్కనక్కర లేదు, ఆయాసపడనక్కర లేదు. ఈ కొసన ఉన్న ఫ్లాగ్‌స్టాఫ్ బురుజు నుంచి ఆ కొసన ఉన్న అజిత్‌గఢ్ వరకు సుమారు రెండున్నర కిలోమీటర్లు. ఆగుతూ, చూస్తూ నడిచినా గంటన్నర పని.

ఆంగ్ల సాహిత్యం చదివే రోజులలో 'మూర్' అనే మాట నన్ను చాలాకాలం వేధించింది. హార్డీ, బ్రాంటీ అక్కచెల్లెళ్లు పుటలకు పుటలు వర్ణించిన ఆ నేల ఏమిటో గుంటూరు జిల్లా కుర్రవాడికి ఊహకందలేదు. పొలం కాదు, అడవి కాదు, ఎడారి అసలే కాదు. గాలి తప్ప మరేదీ కాపురం ఉండని ఎత్తైన పొదల నేల. మా ఆచార్యులవారు "బీడు" అని అర్థం చెప్పి పుట తిప్పేశారు. తెలంగాణ మిత్రుల నోట 'కంచ' అనే మాట విన్నాక గాని నాకు దాని స్వరూపం కొంతైనా బోధపడలేదు. ఈ రిడ్జ్ అటువంటి నేల. రాయి, ముళ్లపొద, రేగుచెట్టు, నల్లతుమ్మ, ఫాల్గుణం వస్తే అక్కడక్కడ ఒక మోదుగ. మనం సర్కారు తుమ్మ అని పిలిచే చెట్టును ఇక్కడివారు విలాయతీ కీకర్ అంటారు. తెల్లదొరల కాలంలో తెచ్చి నాటిన ఆ చెట్టే నేడు తక్కిన చెట్లను అణగదొక్కి రిడ్జ్‌ను ఏలుతున్నది.

ఫ్లాగ్‌స్టాఫ్ బురుజు 1828లో కట్టినది. 1857 మే 11 ఉదయం మీరట్ సిపాయీలు ఢిల్లీలో ప్రవేశించినప్పుడు కంటోన్మెంటులోని ఆంగ్లేయ కుటుంబాలు ఈ గుండ్రని కట్టడంలో గుమిగూడి, అదే మీరట్ నుంచి తమ సైన్యం సహాయం వస్తుందని సాయంత్రం దాకా ఎదురుచూశాయి. సహాయం రాలేదు, పొద్దువాలే వేళకు కర్నాల్ దారి పట్టారు. జూన్ 8న ఆంగ్లసేన తిరిగివచ్చి ఈ రిడ్జ్‌నే ఆక్రమించి, సెప్టెంబరులో నగరంపై దాడి చేసేదాకా ఇక్కడి నుంచే ఫిరంగులు పేల్చింది.

బురుజు వద్ద నిలబడి తూర్పుగా చెట్ల అవతలికి చెయ్యి చూపించి, "ఆ దిగువన పాత సెక్రటేరియట్ ఉంది. మీ పార్లమెంటుకు తాత అదే" అన్నాను. 1912లో కట్టిన ఆ తెల్లని భవనంలోనే, 1927లో పార్లమెంటు భవనం తెరిచేదాకా, కేంద్ర శాసనసభ ఢిల్లీ సమావేశాలు జరిపింది. 1919లో రౌలట్ చట్టం ఆమోదం పొందినది అక్కడే. నేడు ఢిల్లీ శాసనసభ అందులో కొలువు తీరుతున్నది. ఎం.పీ. గారు ఆశ్చర్యపోయారు. "రెండేళ్లయింది నేను గెలిచి. ఈ సంగతి ఒక్కరూ చెప్పలేదండీ" అన్నారు. నడవనివారికి చెప్పేవారు ఉండరు మరి.

అక్కడి నుంచి దక్షిణంగా నడిస్తే చౌబుర్జీ మసీదు, దాని తరువాత నేటి హిందూరావు ఆసుపత్రి ఆవరణలో ఇరుక్కుపోయిన పీర్ గాయబ్ అనే రెండంతస్తుల కట్టడం. ఇవి పధ్నాలుగో శతాబ్దంలో ఫిరోజ్‌షా తుగ్లక్ నాటివి. ఈ కొండమీద ఆయన వేట మహలు ఉండేది. 1351 నుంచి 1388 వరకు ఏలిన ఆ సుల్తాను వేటకు వెళ్లినా, వ్యాహ్యాళికి వెళ్లినా రాజ్యభారం మోసినది ఎవరో తెలుగు పాఠకులకు గుర్తుచేయాలి. 1323లో ఓరుగల్లు పతనమైనప్పుడు ఢిల్లీకి తరలివచ్చి, మతం మారి, మాలిక్ మక్బూల్ అయి, చివరకు ఖాన్-ఇ-జహాన్ అనే బిరుదుతో ప్రధానమంత్రి పదవి నధిష్ఠించిన కాకతీయ రాజ్యపు అధికారి ఆయన. ఢిల్లీ చరిత్రలో ఆయన పేరు చివర 'తిలంగానీ' అన్న మాట నేటికీ అలాగే ఉన్నది. నిజాముద్దీన్‌లోని ఆయన సమాధి ఢిల్లీలో అష్టకోణాకారంలో కట్టిన తొలి సమాధి అంటారు. తెలుగువారికి ఢిల్లీలో పలుకుబడి లేదని వాపోయే మన నాయకులు ఒకసారి అటు వెళ్లి రావచ్చు.

ఆసుపత్రి దాటిన తరువాత రోడ్డు పక్కన అశోకుని స్తంభం. క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దంలో మీరట్‌లో నిలిపిన దానిని ఫిరోజ్‌షా 1356లో ఇక్కడికి తెప్పించాడు. ఫరుఖ్‌సియర్ కాలంలో మందుగుండు కొట్టు పేలి స్తంభం అయిదు ముక్కలైంది. ఆ ముక్కలను అతికి 1867లో తిరిగి నిలబెట్టారు. అతుకులు నేటికీ కనిపిస్తాయి. మరి కొద్ది అడుగుల దూరంలో అజిత్‌గఢ్. 1857లో చనిపోయిన తమ సైనికుల కోసం ఆంగ్లేయులు 1863లో కట్టిన ఎర్రరాతి గోపురం. గోడలమీద హతుల లెక్కలలో కూడ తెల్లవారిది ఒక పద్దు, నల్లవారిది ఒక పద్దు. 1972లో, స్వాతంత్ర్యం వచ్చి ఇరవైఅయిదేళ్లు నిండిన సందర్భంలో, మన ప్రభుత్వం ఆ శాసనాన్ని చెరిపివేయలేదు. అందులో 'శత్రువు' అని ఉన్నవారు స్వాతంత్ర్యం కోసం పోరాడి అమరులైనవారని పక్కన మరో ఫలకం పెట్టింది. గతంతో ఎలా వ్యవహరించాలో మన రాజ్యం ఇంత హుందాగా చెప్పిన సందర్భాలు ఎక్కువ లేవు. ఈనాడు గతాన్ని గురించి సభలో గొంతు చించుకొనేవారు ఆ ఫలకం ముందు ఒక నిమిషం నిలబడితే మంచిది.

ఇంతవరకు విహారమే. ఇక రాజకీయం.

పురాతన కట్టడాల పరిరక్షణకు 1958లో పార్లమెంటు చేసిన చట్టంలో 18వ సెక్షన్ ఒకటి ఉన్నది. నిబంధనలకు లోబడి, రక్షిత కట్టడాన్ని ప్రవేశించి చూసే హక్కు ప్రజలకు ఉంటుందని దాని సారాంశం. అది హక్కు, ఎవరి దయా కాదు. రిజర్వు అడవులకు వర్తించే చట్టం వేరు. అది 1927 నాటిది. దాని 26వ సెక్షన్ ప్రకారం రిజర్వు అడవిలో అనుమతి లేకుండా అడుగుపెట్టడమే నేరం. 25వ సెక్షన్ ప్రకారం రాష్ట్రప్రభుత్వపు ముందస్తు మంజూరుతో అటవీ అధికారి అడవిలోని బాటను మూసివేయవచ్చు. ప్రత్యామ్నాయం సౌకర్యంగా ఉన్నదా లేదా అన్నది తేల్చేది కూడ ప్రభుత్వమే. చెట్ల మధ్య శిథిలం ఉన్నచోట ఈ రెండు చట్టాలను కలిపి చదివితే తేలేదేమిటి? గుమ్మంలో నిలబడినవాడు హక్కుదారు. ఆ గుమ్మం దాకా నడిచివచ్చినవాడు నేరస్థుడు!

ఎం.పీ. గారు నవ్వారు. "నడిచినందుకు ఎవరినైనా జైల్లో పెట్టారటండీ? అటవీశాఖ వాళ్లు చూసీ చూడనట్లు ఊరుకుంటారు కదా" అన్నారు. నిజమే, ఊరుకుంటారు. ఊరుకొన్నంత కాలమే నడక సాగుతుంది. మూడేళ్ల క్రితం ఇదే నగరంలో మరో అడవి తోట ద్వారం వద్ద నన్ను కావలివాడు ఆపాడు. "బాబూజీ, నేటి నుంచి బంద్" అన్నాడు. ఎందుకని అడిగితే పైనుంచి ఉత్తరువు అన్నాడు. ఆ ఉత్తరువు ఎక్కడా అంటించి లేదు. నాతో బాటు తిరిగి వెళ్లినవారిలో కర్ర ఊతంగా నడిచే ఒక వృద్ధ దంపతులు ఉన్నారు. వారు పదిహేనేళ్లుగా రోజూ అక్కడ నడుస్తున్నారట. పదిహేనేళ్ల అలవాటుకు చట్టంలో ఒక పంక్తి ఆధారం లేదు. ఉదారంగా ఇచ్చిన అనుమతికీ హక్కుకూ ఉన్న భేదం తలుపు మూసినరోజున తెలుస్తుంది.

ఇంగ్లండులో ఈ భేదం కోసం పెద్ద పోరాటమే జరిగింది. అక్కడి మూర్‌లు ప్రభువుల పక్షివేట భూములు. 1884లోనే జేమ్స్ బ్రైస్ అనే సభ్యుడు స్కాట్లండు కొండలపై సామాన్యుడు నడిచే హక్కు కోసం కామన్స్ సభలో ప్రైవేటు బిల్లు పెట్టాడు, అది వీగిపోయింది. 1932లో కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి మాంచెస్టర్ ప్రాంతపు కార్మిక యువకులు వందలాదిగా నిషేధాన్ని ధిక్కరించి ఎక్కారు. కొందరు జైలుకు వెళ్లారు. యుద్ధానంతరం 1949లో అట్లీ ప్రభుత్వం చేసిన చట్టం, ఊరూరా ఉన్న కాలిబాటలను పటాలకెక్కించే బాధ్యతను కౌంటీ మండళ్లపై పెట్టింది. 2000లో వచ్చిన చట్టం పటంలో గుర్తించిన కొండలు, మూర్‌ల మీద కాలినడకన తిరిగే హక్కు ఇచ్చింది. స్కాట్లండుకు 2003లో వేరే చట్టం వచ్చింది. బ్రైస్ బిల్లు నుంచి లెక్కిస్తే నూట పంతొమ్మిది ఏళ్లు. అక్కడి ప్రజలు పాడుపడిన కోటగోడల పక్కగా, అడవుల గుండా, మూర్‌ల మీదుగా నిశ్చింతగా నడుస్తున్నారంటే ఆ నడక వెనుక ఒక శాసనం ఉన్నది.

మన దేశంలో అడవి చట్టం కథ ఇంకా చేదైనది. 1882 నాటి మద్రాసు అటవీచట్టం మన్యం ప్రజల కాళ్లకు, పోడుకు సంకెళ్లు వేసిన ఫలితమే 1922-24 నాటి రంప తిరుగుబాటు. అల్లూరి సీతారామరాజు ఎవరిపై విల్లెత్తాడో తెలుగువారికి చెప్పనక్కర లేదు. 2006లో అటవీహక్కుల చట్టం ఆ అన్యాయాన్ని కొంతవరకు సరిదిద్దింది. అడవిలో బతికేవాడి హక్కు, నగరవాసి నడకహక్కు సమానమని నేననను. మొదటిది బతుకు, రెండవది తీరిక. కాని రెండింటి మీదా పడినది ఒకే తెల్లదొరల నీడ: అడవి సర్కారుది, అందులో మనిషి దొంగ అన్న భావన.

ఈ భావన వల్ల అడవి బాగుపడిందా? 1994లో రిడ్జ్‌ను రిజర్వు అడవిగా చేయదలచినట్లు ప్రకటన వెలువడింది. అది ఉద్దేశ ప్రకటన మాత్రమే. తుది ప్రకటన కోసం దశాబ్దాలు గడిచాయి. ఈలోగా ఆక్రమణలు ఆగలేదు. 2025 నవంబరులో ఆరావళి కొండ అంటే చుట్టుపక్కల నేల కంటె నూరు మీటర్ల ఎత్తుండాలన్న నిర్వచనాన్ని సుప్రీంకోర్టు అంగీకరించింది. దేశమంతా ఆందోళన చెలరేగడంతో డిసెంబరు 29న అదే న్యాయస్థానం ఆ ఉత్తరువును నిలిపివేసింది. అరవై అడుగుల మా రిడ్జ్ ఆ కొలబద్దకు ఆనదు. అదే ఏడాది హైదరాబాదులో కంచ గచ్చిబౌలి నాలుగువందల ఎకరాల మీద బుల్డోజర్లు నడిచినప్పుడు మొదట గొంతెత్తినది పక్కనున్న విశ్వవిద్యాలయపు విద్యార్థులు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. ఆ విద్యార్థులకు అక్కడి రాళ్లు, చెరువులు, జింకలు ఎట్లా తెలుసు? నిత్యం ఆ బాటల్లో తిరిగారు కనుక తెలుసు. ఎవరూ తిరగని నేల అయి ఉంటే అది కాగితం మీద ఒక సర్వే నంబరుగానే ముగిసిపోయేది.

శిథిలాల సంగతీ అంతే. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడాలలో 92 కనిపించడం లేదని 2013లో కాగ్ నివేదిక చెప్పింది. తరువాత కొన్ని దొరికాయి. 2022 డిసెంబరులో సాంస్కృతిక మంత్రిత్వశాఖ పార్లమెంటరీ స్థాయీసంఘానికి ఇచ్చిన లెక్క ప్రకారం ఇంకా 50 లేవు: 14 నగర విస్తరణలో పోయాయి, 12 జలాశయాల్లో మునిగాయి, 24 ఎక్కడ ఉన్నాయో తెలియదు. కాపలాదారులు ఉన్న చోట్లు 248 మాత్రమేనని అదే సంఘం నమోదు చేసింది. జాడ తెలియని వాటిలో హర్యానాలోని రెండు కోస్ మీనార్లు ఉన్నాయి. బాటసారులకు దూరం తెలిపేందుకు మొగలాయీలు రహదారుల వెంట కట్టిన గుర్తులు అవి. బాటసారి పోయాడు, బాట పోయింది, చివరికి గుర్తూ పోయింది. ప్రతి శిథిలానికి ఒక జవానును పెట్టే స్తోమత ఏ ప్రభుత్వానికీ లేదు. రోజూ ఉదయం పదిమంది ఆ పక్కగా నడిచిపోతే, పదకొండోనాడు రాయి కదిలితే ఎవరో ఒకరు అడుగుతారు. ఇంతకంటె చవకైన కాపలా లేదు.

అవతలి వాదం నాకు తెలియనిది కాదు. మనవాళ్లు రాతిగోడ కనిపిస్తే పేరు చెక్కుతారు. కోతులకు అరటిపండ్లు వేసి, తొక్కలూ సంచులూ అక్కడే పారేస్తారు. పొదల చాటున తాగుబోతులు చేరతారు; స్త్రీలు ఒంటరిగా ఆ బాటన నడవడానికి వెరుస్తారు. అటవీ అధికారులు చెప్పే ఈ కారణాలు అబద్ధాలు కావు. కాని నిర్మానుష్యమైన బాటే తాగుబోతుకు అనువు. బాట మీద కుటుంబాలు, విద్యార్థులు, ముసలివారు తిరిగినప్పుడు ఆడపిల్ల కూడ ధైర్యంగా నడుస్తుంది. గుడ్లు పెట్టే కాలంలో నెమళ్ల పొదలవైపు ఒక బాట మూయవలసి వస్తే మూయవచ్చు. ఎందుకో, ఎన్నాళ్లో పలక మీద రాసి మూయాలి. నేను కోరేది అడవి అంతటా విచ్చలవిడి విహారం కాదు. గీసిన బాట మీద నడిచే హక్కు.

ఇందుకు బ్రహ్మాండమైన పథకాలు, వేలకోట్లు అవసరం లేదు. నగరాల సమీపంలోని ప్రతి రిజర్వు అడవిలో వాడుకలో ఉన్న కాలిబాటలను గుర్తించి జిల్లా వారీగా పటం తయారు చేయాలి. ఆ పటంలో ఉన్న బాట మీద పగటిపూట నడిచేవానికి 26వ సెక్షన్ వర్తించదని చట్టంలో ఒక పంక్తి చేర్చాలి. బాట మూయాలంటే ప్రజలకు ముందుగా నోటీసు ఇచ్చి అభ్యంతరాలు వినాలని 25వ సెక్షన్‌లో మరో పంక్తి. రెండు పంక్తులు, ఒక పటం. మంత్రిగారు సంకల్పిస్తే ఒక సమావేశంలో తెమిలే పని. చేయరు, ఎందుకంటే అడిగేవారు లేరు. రోడ్డు కావాలని అడిగే ఎం.పీ.లు అయిదువందల మంది ఉన్నారు. కాలిబాట కావాలని అడిగినవారిని నేను పత్రికల గ్యాలరీలో కూర్చున్న ఇన్నేళ్లలో చూడలేదు.

అజిత్‌గఢ్ మెట్ల మీద కూర్చుని ఈ మాటే ఎం.పీ. గారితో అన్నాను. ఆయన కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. "ప్రైవేటు సభ్యుని బిల్లు పెట్టమంటారా? శుక్రవారం సాయంత్రం సభలో ఎవరుంటారండీ, నేను, స్పీకరు కుర్చీలో ఒకరు, పైన మీరు!" అన్నారు. నిజమే. స్వాతంత్ర్యానంతరం చట్టమైన ప్రైవేటు సభ్యుల బిల్లులు 14 మాత్రమే. వాటిలో చివరిది 1970 నాటిది. బ్రైస్‌కూ అంతకంటె మంచి ఆశలేమీ లేవు. ఆయన బిల్లు వీగిపోయింది, కాని మాట రికార్డులలో నిలిచింది. తరువాతివారు దాన్నే పట్టుకొని నడిచారు.

దిగేటప్పుడు ఆయన అన్నారు: "మా నియోజకవర్గంలోనూ ఉందండీ కొండమీద ఒక కోట. చిన్నప్పుడు మా నాన్నగారు చెయ్యి పట్టుకుని ఎక్కించారు. ఇప్పుడు కింద అడవి వాళ్ల గేటు. మా అబ్బాయిని నేను తీసుకువెళ్లలేకపోయాను." బిల్లు సంగతి ఆలోచిస్తానన్నారు. ఎం.పీ.ల 'ఆలోచిస్తాను' విలువ పాఠకులకు నేను చెప్పనక్కర లేదు. అయినా సోమవారం ఉదయం నా బల్లమీద ఆయన పంపిన చీటీ ఉన్నది: "1927 చట్టం ప్రతి ఒకటి దొరుకుతుందా?" అని.

పంపించాను.